ఇంకోటి బాబాయ్

మా కచేరీల హాల్లో సౌండు చూసే బాబాయి నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకోటి పెట్టు." ఆ ఇంకోటి అంటే దడదడలాడించే బేస్ స్పీకరు డబ్బా. అందరూ స్టేజికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి పెట్టి చేతులు దులుపుకుంటే, ఈయన స్టేజి ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పేర్పించేవాడు. ఎనిమిది పెట్టాక కూడా తల గోక్కునేవాడు. లైట్లు చూసుకోవాల్సినవాణ్ణి, ఆ డబ్బాలు మోసి నా నడుము విరిగింది.

హాలు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. ఒక మంచం, ఒక గ్లాసు. నాకు టీ పోసి, నేను తాగేదాకా ఆగి, అదే గ్లాసు కడుక్కుని తను తాగేవాడు. ఆ గదిలో మాత్రం ఇంకోటి ఏదీ లేదు. చూస్తే దిగులేసేది.

ఇన్ని డబ్బాలెందుకని ఓసారి నిలదీశాను.

"వరుస పొట్టిదైతే బేసు నలువైపులా పోతుందిరా. పొడుగైతే పక్కలకు తగ్గి ముందుకే పోతుంది."

పక్కలకు పోతే ఏం మునిగిందంటే, వినపడనట్టు వైర్లు చుట్టుకున్నాడు.

డబ్బాలకోసం ముందు వరుస కుర్చీలు తీసేయాల్సి రావడంతో హాలు ఓనరుకి ఒళ్లు మండింది. ఇన్ని డబ్బాల మోతకి పక్కింటి టైలరమ్మకు ప్రాణం విసిగే ఉంటుంది, ఆవిడచేత ఒక్క ఫిర్యాదు నన్ను రాయించుకురమ్మని, అది రాగానే ఈయన్ను సాగనంపుతానని అన్నాడు. ఆ గది పోతే బాబాయికి వేరే దిక్కు లేదు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను.

టైలరమ్మ మిషన్ ఆపి నన్నే ఎదురడిగింది. "హాల్లో కచేరీలు మానేశారా బాబూ?"

"వారానికి రెండు జరుగుతున్నాయమ్మా."

"మరి నా కిటికీ మోగట్లేదే? ఇదివరకు సాయంత్రాలు అద్దాలు గలగలమంటుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. పంటినొప్పితో చెవుల మీదుగా గుడ్డ కట్టుకుని కుట్టుకున్నప్పుడు కూడా ఆ మోతే నాకు తోడు. రెండేళ్లయింది, ఉలుకూ పలుకూ లేదు."

వచ్చి చెప్పాను. ఓనరు ఫిర్యాదు మీద ఆశ వదులుకుని వెళ్లిపోయాడు. బాబాయి మాత్రం డబ్బా మీద చతికిలబడ్డాడు. రెండేళ్ల కిందట కిటికీలోంచి ఆ గుడ్డ చూసి, పాపం మోత భరించలేక చెవులు మూసుకుందనుకున్నాడట. ఈ వరుసంతా అప్పటినుంచే.

వరుసకేసి చూసి, మొట్టమొదటిసారి, "ఒకటి తీసెయ్" అన్నాడు. ఆ సాయంత్రం సౌండు మీటలు నాకప్పగించి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అద్దాలు ఎంత మోగుతున్నాయో చూసొస్తానని పక్కింటికి వెళ్లాడు.

కచేరీ అయిపోయింది. జనం వెళ్లిపోయారు. నేను వైర్లు చుట్టడం పూర్తయ్యాక తీరిగ్గా వచ్చాడు.

"చాల్లేదురా. ఇంకోటి తియ్యాలి. రేపు మళ్లీ వెళ్లి చూడాలి."

అందరికంటే ఎక్కువ సంతోషించింది నా నడుమే.