పక్కింటి కుక్కకు పది రోజులు

నా చిన్నప్పుడు బన్సీలాల్‌పేటలో మా ఇంటికీ పక్కింటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వీధి కుళాయి దగ్గర మొదలైన తగాదా అది. అందుకే వాళ్ల పెంపుడు కుక్క నా పిక్క పట్టుకున్న రోజు మా నాన్నకు నా మీద జాలికన్నా వాళ్ల మీద కసే ఎక్కువ కలిగింది. అది తింటున్న గిన్నెను నేను కాలితో తన్నిన సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నానమ్మ గాయంలో కారం అద్దింది. కుక్క కాటుకు మా ఇళ్లలో అదే మందు. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే నాన్నా, గల్లీలోని మగవాళ్లూ కర్రలతో పక్కింటి తలుపు బాదారు. కుక్కను చంపితే నాకు నయమైపోతుందన్నట్టుంది వాళ్ల వాలకం. నాకూ అది చావాలనే ఉంది.

పెద్దాసుపత్రిలో కట్లు కట్టే మా మేనత్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. "పుండు కడిగిండ్రా?" అని అడుగుతూనే ముందు నా కాలిని కుళాయి కింద పెట్టి, కారమంతా పోయేదాకా సబ్బుతో కడిగింది. కడుగుతూనే నిజం రాబట్టింది. తర్వాత వెళ్లి ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"తమ్మీ, దిమాగ్ ఉన్నదా నీకు? తినే గిన్నెను తంతే ఏ కుక్కయినా కరుస్తది. దాన్ని పది రోజులు సూడాలె. మంచిగుంటే పోరికి సూదులు అక్కర లేదు. గిప్పుడే సంపితే దానికి పిచ్చి ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? పోరికి బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు పడ్తయి. పోరి బదులు నువ్వు పొడిపించుకుంటవా?"

రేపు ఇంకో పిల్లను కరిస్తే, అని ఎవరో గొణిగారు.

"కట్టేసుకోమను. స్టౌ మంటల కాలినోళ్లకు రోజూ కట్లు కడ్త నేను. కుక్క కరిచినోళ్లు ఎప్పుడో ఒకరొస్తరు. మీ ఇండ్లల్ల స్టౌలను కట్టెలతోని కొడ్తున్నరా?"

కుళాయి దగ్గర కూడా వాళ్ల మొహం చూడని మా నాన్న, పది రోజులూ పొద్దున్నే వాళ్ల గుమ్మంలో నిలబడి కుక్క తిన్నదా అని అడగవలసి వచ్చింది. వాళ్లు పళ్లు కొరుకుతూనే చెప్పేవారు. నేను మాత్రం ఆ పాడు కుక్క చల్లగా ఉండాలని దేవుడికి దండాలు పెట్టుకున్నాను. పదకొండో రోజున అది నన్ను చూసి గుర్రుమంటే ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

ఇప్పుడైతే డాక్టర్లు ఆగకుండా టీకా మొదలుపెడతారు. ఆ కుక్క మీద, ఆ ఇంటి మీద నాకు ఇప్పటికీ ప్రేమ పుట్టలేదు. కానీ ఎక్కడ నలుగురు కర్రలు పట్టుకుని ఊగిపోతున్నా, నా నోట ముందు వచ్చేది మా మేనత్త గొంతే.

"పుండు కడిగిండ్రా?"