మా అత్త రాసిన కింది లైను

మా అత్త పోయింది. మామయ్య ఫోన్ చేసేటప్పటికి నేను నందిగామలో ఆఫీసు మెట్లెక్కుతున్నా. "అమ్మాయ్, మీ అత్త ఇక లేదమ్మా" అన్నాడు. మళ్ళీ ఆయనే, "పొద్దున బోర్డు మీద పైలైను రాసింది. కాఫీ తాగొచ్చి కింది లైను రాస్తానని కుర్చీలో కూర్చుంది. అంతేనమ్మా, మళ్ళీ లేవలేదు" అన్నాడు.

భార్య పోయిన గంటకే బోర్డు సంగతి చెప్పే మనిషేంటి అని మీకనిపించొచ్చు. జగ్గయ్యపేటలో వాళ్ళ వీధివాళ్ళకి అనిపించదు. ఆ రోజు వచ్చిన ప్రతివాళ్ళూ గేటు దగ్గర ఆగి, ఆ సగం బోర్డు చదివి, ఆ తర్వాతే లోపలికొచ్చి ఏడ్చారు. "అబద్ధపు వార్తల్ని ఇకనుంచి కంప్యూటరే పట్టేసుకుంటుందట" అని ఉంది పైన. కింద ఏమీ లేదు.

అత్త ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. రిటైరైన రోజు శాలువా కప్పుతుంటే, "ఇదెందుకండీ, బీరువాలో ఇప్పటికే ఒక దొంతరుంది. స్టాఫ్‌రూము వెనకాల మూలనపడ్డ నల్లబోర్డు ఇప్పించండి" అని అడిగి మరీ తెచ్చుకుంది. దాన్ని గేటు పక్క గోడకి కొట్టించింది. పొద్దున్నే పేపరు చదివి, ఫోన్లో వార్తలు చదివి, చాక్‌పీసు గ్లాసుడు నీళ్ళలో ముంచుకుని వెళ్ళి రెండు లైన్లు రాసేది. తడి చాక్‌పీసుతో రాస్తే ఆరాక అక్షరం తెల్లగా తేలుతుంది. ఈ చిట్కా ఆవిడ దగ్గర చదివిన ప్రతి పిల్లకీ వచ్చు.

ఆ రెండు లైన్లకి ఒక పద్ధతుంది. పైన లోకం అన్నమాట, కింద అత్త అన్నమాట. ఎప్పుడూ ఫోన్లూ, ఇంటర్నెట్టూ, వాటి మీద వచ్చే చట్టాలూ, వీటి గురించే. "ఇంకేం దొరకలేదా అత్తా నీకు?" అన్నా ఒకసారి. "రాజకీయాలు మాట్లాడేవాళ్ళు టీకొట్టు నిండా ఉన్నారు. మన జేబులో కూర్చుని మన మాటలు వింటున్నదాని గురించి ఒక్కడూ మాట్లాడడేంటే?" అంది.

కొన్ని నాకు నోటికొచ్చు. పైన, "నియమ నిబంధనలు పూర్తిగా చదివి అంగీకరించాను." కింద, "మన దేశంలో కులమతాలకి అతీతంగా అందరం ఆడే అబద్ధం." ఇంకోరోజు పైన, "కృత్రిమ మేధ అచ్చం మనుషుల్లాగే మాట్లాడుతుందట." కింద, "మనుషులు ఎప్పుడు మొదలుపెడతారో." ఎక్కడో పుకార్లు ఆపడానికి ఇంటర్నెట్ ఆపారని వార్తొస్తే, "పుకారు ఇంటర్నెట్ కంటే వయసులో పెద్దది, నడిచైనా వస్తుంది" అని రాసింది. పిల్లలకి సోషల్ మీడియా నిషేధించాలని చర్చ నడుస్తున్నప్పుడు, "అరవై దాటినవాళ్ళ సంగతి కూడా చూడండి బాబూ, పొద్దున లేస్తే పువ్వుల బొమ్మలు పంపి చంపుతున్నారు" అని రాస్తే, వీధిలో పెద్దవాళ్ళు నాలుగు రోజులు అలిగారు. ఒకాయన ఐదో రోజు పువ్వు పంపించాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మామయ్య తడిగుడ్డతో బోర్డు తుడిచేసేవాడు. ఫోటో తీసి దాచుకోవడం అత్తకి ఇష్టం లేదు. "దాచుకోవడానికేముందే? రేపు వాళ్ళే ఇంకోటేదో అంటారుగా" అనేది.

అదిగో, ఆ దాచుకోకపోవడమే మా కొంప ముంచింది.

పోయిన వానాకాలంలో ఒకరోజు పైన, "ఆడపిల్లలకు ఫోన్లెందుకు? చెడిపోతారు" అని రాసింది. కింద, "ఈ మాట నిన్న ఒక పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తకుండా అన్నాడు" అని రాసింది. పాలాయన రోజూలాగే బండి గేటు ముందు ఆపి, క్యాన్లోంచి పాలు కొలుస్తున్నాడు. బండి సీటూ, క్యాన్లూ కింది లైనుకి అడ్డం. అదే సమయానికి ఎవడో మహానుభావుడు రోడ్డు మీద పోతూ ఫోటో తీశాడు. బండి జరిగేదాకా ఆగుదామన్న ఇంగితం లేదు. 'రిటైర్డ్ టీచరమ్మ చెప్పిన చేదు నిజం' అని అత్త పేరూ ఊరూ పెట్టి వదిలాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అది మా ఆఫీసు గ్రూపులోకి కూడా వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను డిగ్రీలో చేరినప్పుడు మా నాన్న ససేమిరా అంటే, పోట్లాడి నాకు మొదటి ఫోను కొనిపెట్టింది మా అత్తే. "దీంట్లో చెడిపోవడానికి చాలా ఉంది, బాగుపడటానికీ ఉంది. ఏదెక్కడుందో నువ్వే చూసుకోవాలి, నేను వెనకాల నిలబడను" అని చేతిలో పెట్టింది. ఇవాళ నేనొక ఉద్యోగం చేసుకుని నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే ఆవిడ చలవే. అలాంటి మనిషి నోట ఆ మాట పెట్టారు చూశారా!

మొదట తిట్లొచ్చాయి. తిట్లకి అత్త చలించలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కొక్కటీ చదివి, "ఇతనెవరో చూడవే, ఇంత కోపంలోనూ ఒక్క వాక్యం సరిగ్గా రాలేదు. ఖాయంగా నా స్టూడెంటే" అని నవ్వింది. తర్వాత మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. దండాలు, పూలగుత్తులు, 'తల్లీ నీ పాదాలకు నమస్కారం' అంటూ. గేటు దగ్గరికొచ్చి చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్ళినవాళ్ళున్నారు. అప్పుడు ఆవిడ మొహం వాడిపోయింది. "తిట్టినవాళ్ళే నయం. కనీసం నాతో గొడవపడ్డారు" అంది.

ఆ ఫోటో తీసెయ్యమని యాప్ వాళ్ళకి కంప్లయింట్ పెట్టా. ఒకసారి కాదు, పెట్టిన ప్రతిసారీ అదే జవాబు. మీ ఫిర్యాదు పరిశీలించాం, ఇందులో మా నిబంధనల ఉల్లంఘన ఏదీ కనబడలేదు. అత్త ఆ జవాబు నాచేత మళ్ళీ చదివించుకుంది. "నిజమే కదే. అక్షరాలు నావి, చేతిరాత నాది, గోడ నాది. అబద్ధం ఎక్కడుందని చూపిస్తాం? పాలబండి వెనకాల ఉందని చెప్పాలి." ఫిర్యాదులు వినే అధికారి ఒకాయన ఉంటాడని, చట్టంలో రాశారని, ఆయనకీ పెట్టాం. అదే జవాబు, అవే మాటలు. "ఏ ఆఫీసుకెళ్ళినా రేపు రండమ్మా అనడానికి ఒక మనిషుంటాడు. ఆ మనిషిని ఎంత తిట్టుకున్నానో! ఇక్కడ ఆ రేపు కూడా లేదు" అంది.

మర్నాడు రెండు లైన్లూ మళ్ళీ రాసింది. మామయ్య బోర్డుని బండికి అందనంత పైకి కొట్టించాడు. అత్త ముక్కాలి పీట వేసుకుని ఎక్కి రాసేది. వరసగా వారం పైనే అవే రెండు లైన్లు రాసింది. ఈసారి ఎవ్వరూ ఫోటో తియ్యలేదు. నేను తీసి పెడితే చుట్టాలు నలుగురు చూశారు. "సవరణకి కాళ్ళుండవే" అంది పీట దిగుతూ.

ఇంతవరకైతే ఎలాగో మర్చిపోయేది. కానీ వీరులపాడు నుంచి ఒక పిల్ల అత్తకి ఫోన్ చేసింది. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి.

ఆ పిల్ల అత్త చివరి బ్యాచి. హాస్టల్లో ఉండి చదువుకుంది. టెన్త్ అయ్యాక చాలిద్దామనుకున్న తండ్రిని కూర్చోబెట్టి ఒప్పించి, ఇంటరూ, ఆపైన నందిగామలో డిగ్రీ చదివించమన్నది అత్తే. రైతు, మంచివాడు. "మేడం గారు చెప్తే ఇంక తిరుగులేదు" అనే మనిషి. అదే కదండీ ఖర్మ. ఆ ఫోటో చూసి, మేడం గారే చెప్పారని కూతురి ఫోను లాక్కుని బీరువాలో పెట్టాడు. ఇవాళ కాలేజీలో ఏ కబురైనా ఫోనుకే వస్తుందాయె. పరీక్ష ఫీజుకి ఆఖరు తేదీ ఫోన్లోనే వచ్చింది, ఫోన్లోనే పోయింది. పిల్లకి ఏడాది పోయింది. అత్తకి ఈ సంగతి తెలిసేసరికి అంతా అయిపోయింది.

నందిగామ బస్సులో వచ్చి, నన్ను ఆఫీసులోంచి లేపి, ఆటోలో వీరులపాడు తీసుకెళ్ళింది. పిల్ల తండ్రి మమ్మల్ని చూసి పొంగిపోయాడు. మంచం వాల్చాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. అత్త మొత్తం చెప్పింది. పాలబండి, కింది లైను, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, గొంతు తగ్గించి, "మేడం గారూ, మిమ్మల్ని ఎవరన్నా బెదిరించారా?" అని అడిగాడు.

"బెదిరించడమేంటి బాబూ?"

"నేను చూశానండీ ఆ తిట్లన్నీ. అట్టా తిడితే ఎవరికైనా భయమేస్తది. మీరు మాట మార్చుకోవాల్సిన పన్లేదు. మీరన్నదే కరెక్టు. మీ ఎనక నేనున్నా."

"అయ్యో, నేనా మాట అనలేదయ్యా! నీ ఎదురుగా కూర్చుని చెబుతున్నాగా!"

ఆయన జేబులోంచి ఫోను తీసి, ఆ ఫోటో వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు. "ఇది మీ చేతిరాత కాదాండీ? మా పిల్ల ప్రోగ్రెస్ కార్డుల మీద చూసినా. మీ చేతిరాత నాకు తెల్వదా?"

అత్త కళ్ళజోడు సర్దుకుని లేచింది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. వచ్చేటప్పుడు అత్త దాని భుజం మీద చెయ్యేసి, "ఉండవే, ఏదో ఒకటి చేస్తా" అంది. కీసర వచ్చాక విజయవాడ బస్సెక్కబోయింది. నన్ను నందిగామలో వదిలి నువ్వు జగ్గయ్యపేట వెళ్ళు అంటే, విజయవాడలో ఎవరో వకీలు ఉన్నాడట, అడుగుదాం పద అంది. వకీలు కూడా పాలబండిని కోర్టుకెలా తెస్తామమ్మా అన్నాడు.

తర్వాత ఇంకో రెండుసార్లు వీరులపాడు వెళ్ళొచ్చింది. ఆయన ప్రతిసారీ అంతే మర్యాద చేసి, అంతే ధైర్యం చెప్పి పంపాడు. బోర్డు కొన్నాళ్ళు ఖాళీగా ఉండిపోయింది. ఈ మధ్యే మళ్ళీ మొదలుపెట్టింది. జోకులు తగ్గాయి. "ఇవన్నీ రాస్తే ఏమన్నా మారుతుందంటావా అత్తా?" అంటే, "మారదే. ఊరికే ఉండలేక" అంది. ఆ చివరి పైలైను కింద ఏం రాద్దామనుకుందో మామయ్యకీ చెప్పలేదు. ఏమీ తోచకే కాఫీకి వెళ్ళిందేమోనని నా అనుమానం.

పెద్దకర్మ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి గేటు ముందు ఫ్లెక్సీ కట్టుంది. వీధివాళ్ళూ పాత స్టూడెంట్లూ కలిసి వేయించారు. అత్త ఫోటో, పైన పూలదండ, 'అశ్రునివాళి', కింద పెద్ద అక్షరాల్లో, 'ఆడపిల్లలకు ఫోన్లెందుకు? చెడిపోతారు.' ఫ్లెక్సీ షాపాయనకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టా. ఆయన పాపం ఓపిగ్గా విని, "మేడం గారి మంచిమాట ఒకటి వెయ్యమన్నారండి. పేరు కొట్టి వెతికితే ఇదొక్కటే వచ్చిందండి. ఇంకోటి దొరికితే వేసేవాణ్ణే కదండి" అన్నాడు. ఇన్నేళ్ళు రోజూ రాసిన మనిషికి ఇదొక్కటే దొరికింది. నేను ఫ్లెక్సీ పీకేద్దామని తాడు పట్టుకుంటే మామయ్య ఆపాడు. "ప్రేమతో కట్టారమ్మా. ఇవాళ గొడవొద్దు" అన్నాడు. ఆయన కళ్ళు చూసి వదిలేశా.

వీరులపాడు నుంచి తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన ఫ్లెక్సీ ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

అందరూ భోజనాలకి కూర్చున్నాక ఆ పిల్ల కనబడలేదు. బయటికొచ్చి చూశా. బోర్డు కింద చెక్కమీద అత్త చాక్‌పీసు అలాగే ఉంది. దాన్ని చెంబులో నీళ్ళలో ముంచి, అత్త పీటెక్కి, ఫ్లెక్సీ మీద ఆ మాట కింద రాస్తోంది. 'ఈ మాట నిన్న ఒక పెద్దమనిషి' దాకా వచ్చింది. నున్నటి ఫ్లెక్సీ, నీళ్ళు జారిపోతున్నాయి తప్ప సుద్ద అంటట్లేదు. ఆరితే తేలుతుందని కాబోలు, పీట మీదే నిలబడి ఎదురుచూసింది. ఎండకి ఇట్టే ఆరింది. ఒక్క అక్షరం కూడా లేదు. నావైపు తిరిగి, "పడట్లేదక్కా" అంది.

వెళ్ళేముందు పిల్ల తండ్రి మామయ్య చేతులు పట్టుకుని, "ఆ ఫ్లెక్సీ నాకిప్పించండి సారూ. కళ్ళంలో మిరపకాయలున్నయ్, మంచు పడతంది, మీద కప్పుకుంటా. మేడం గారి గుర్తుగా కూడా ఉంటది" అన్నాడు. మామయ్య తలూపాడు. ఆయనే తాళ్ళు విప్పి, అక్షరాలు మడతపడకుండా జాగ్రత్తగా చుట్టి, కూతురి చేతికిచ్చి బండి స్టార్ట్ చేశాడు. ఆ పిల్ల వెనక కూర్చుని, ఆ చుట్టని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుంది. రెండో చెయ్యి పిడికిలి బిగించే ఉంది, వేళ్ళ సందుల్లోంచి సుద్ద తెల్లగా కనబడుతోంది. బండి హైవే వైపు తిరిగింది.