మనవాడని చదవని కాగితం

మా ఎదురు ఫ్లాటు బాబాయిగారు పోయారు. శుక్రవారం పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయారట. పిన్నిగారు వచ్చి మా తలుపు కొట్టి, "అమ్మాయ్, మీ బాబాయి పలకడం లేదు, ఒకసారి రా" అన్నారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. ఆయనకి తెలిసింది అంతే. నాకు తెలిసిన కారణానికి ఒక పేరుంది, టై ఉంది, విజిటింగ్ కార్డు ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. వాడి పరువు పోతుందని కాదు, పోవడానికి ముందు ఉండాలి కదా.

మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్ళది కాకినాడ, మాది తణుకు. షార్జాలో పదేళ్ళు ఎదురెదురు గుమ్మాల్లో ఉన్నాం, వరసలు అలా కలిసిపోయాయి.

బాబాయిగారు ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో డ్రాయింగులు గీసేవారు. గీసిన కాగితం మూడుసార్లు సరిచూడనిదే కోతకి పంపేవారు కాదు. సైటు నుంచి ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేసి "యల్లా, యల్లా" అని తరిమినా సరే. "కోయకముందు ఎన్నిసార్లయినా కొలవచ్చమ్మా. కోశాక కొలత ఎవడిక్కావాలి?" అనేవారు. ఇంట్లోనూ అంతే. మందు సీసా మీది కాగితం చదివేవారు, పెరుగు డబ్బా వెనకాల చదివేవారు. అలాంటి మనిషి ఒక్క కాగితం చదవలేదు.

ఇక్కడికి రాకముందు ఆయన పదకొండేళ్ళు బ్రిటన్‌లో ఒక ఫ్యాక్టరీలో చేశారు. అక్కడొక పెన్షన్ ఉండేది. పని మానేశాక ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనకి, తరవాత అందులో సగం పిన్నిగారికి, ఆవిడ బతికున్నంత కాలం. దాన్ని ఆయన "మీ పిన్ని జీతం" అనేవారు. "నేను పోతేగానీ ఈవిడకి జీతం మొదలవదు. అందుకే నాకు ఇన్ని గారెలు వేసి పెడుతోంది" అని ఏడిపించేవారు. "చాల్లెండి సంబడం" అని ఆవిడ ఇంకో రెండు వేసేవారు. పిల్లల్లేరు. పిన్నిగారికి ముందు ముందు ఉన్న ఆధారం అదొక్కటే.

రెండేళ్ళ కిందట ఉగాదికి తెలుగువాళ్ళం అంతా ఒక హాల్లో కలిశాం. అక్కడ దొరికాడు వాడు. ఆ ఎండలో కోటు, జుట్టుకి అరడబ్బా జెల్, నోట్లో తేనె. పచ్చడి గిన్నె పక్కన పెట్టి మరీ బాబాయిగారి కాళ్ళకి దండం పెట్టాడు. "మాది సామర్లకోట అండీ" అన్నాడు. ఇంకేం కావాలి? కాకినాడకి సామర్లకోట పక్కనే. మనవాడైపోయాడు.

వాడు ఒక పెట్టుబడుల కంపెనీ ఏజెంటు. ఆ నెలలోనే ఇంటికొచ్చాడు. "మీ పెన్షన్ అక్కడ నిద్రపోతోంది బాబాయిగారూ. ఇటు మా పథకంలోకి మారిస్తే పరిగెడుతుంది" అన్నాడు. పిన్నిగారి పెసరట్లు రెండు తిన్నాడు, మూడోది అడిగి వేయించుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళకి ఆకలి బాగానే ఉంటుంది. ఫారాల మీద సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తెచ్చాడు.

ఆ గుర్తుల సంగతి గల్ఫులో బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వీసా కాగితమైనా, ఇంటి అద్దె కాగితమైనా, ఆఫీసు మనిషి అరబ్బీలో ఏదో తెస్తాడు, గుర్తు చూపిస్తాడు, మనం సంతకం పెడతాం. ఏముందో అడగం, అడిగినా చదవలేం. ఏళ్ళ తరబడి చేతికి అదే అలవాటు. నేను వీసా ఫారాలూ అవీ నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. రోజంతా జనానికి అలాంటి గుర్తులు పెట్టి ఇచ్చేదాన్ని నేనే. ఈ కాగితాలు అరబ్బీలో లేవు, ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయినా బాబాయిగారు గుర్తున్న చోటల్లా పెట్టుకుంటూ పోయారు. సాక్షి కావాలంటే నన్ను పిలిచారు. నేనూ చదవకుండా పెట్టేశాను. వాణ్ణి తిట్టేటప్పుడు నన్ను నేను వదిలేయడం లేదు.

ఆరు నెలలకి మొదటి స్టేట్‌మెంట్ వచ్చింది. దాన్ని మాత్రం బాబాయిగారు మూడుసార్లు చదివారు. పిన్నిగారి జీతం లేదు. పాత పెన్షన్ వదులుకుంటే అది కూడా పోతుందని ఆ ఫారంలోనే, ఆరో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి" అన్నారు పిన్నిగారు. ఆ తరవాత ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఆయనకి అదే ఎక్కువ బాధ.

అప్పట్నుంచి వాడి కంపెనీకి ఫిర్యాదులు. పోయిందంతా తెమ్మనలేదు ఆయన. "నా భార్య భాగం నా భార్యకి ఉండేట్టు చేయండి" అని ఒకటే అడిగారు. ఉత్తరాలు నేనే టైపు చేశాను. జవాబులు వచ్చేవి. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఒకటి. దాంతోపాటు కొత్త పథకం కరపత్రం కూడా, రంగుల్లో. దాన్ని నేను చెత్తబుట్టలో వేయబోతే, "ఉండనీ, ఫైల్లో పెట్టు. వీళ్ళెలాంటి వాళ్ళో అదే చెబుతుంది" అన్నారు.

దుబాయ్ రోడ్ల మీద సాలిక్ అనే టోలు కొత్తగా పెట్టిన రోజుల్లో ఇద్దరం అక్కడున్న వాడి ఆఫీసుకి వెళ్ళాం. గంటన్నర కూర్చోబెట్టి వచ్చాడు. ఈసారి కాళ్ళకి దండం లేదు. "మీరు చదివే సంతకం పెట్టారని ఇక్కడ రాసుంది కదండీ" అన్నాడు.

"నువ్వు మనవాడివని చదవలేదు నాయనా. పరాయివాడు తెచ్చుంటే చదివేవాణ్ణి" అన్నారు బాబాయిగారు. గొంతు పెంచలేదు. నాకైతే వాడి మొహాన బల్ల మీది గ్లాసు నీళ్ళు కొట్టాలనిపించింది. కొట్టనందుకు ఇప్పటికీ చింతే.

ఆయన అరవై దాటినా ఊరికి తిరిగి వెళ్ళకుండా పనిలో ఉండిపోయింది అందుకే. పిన్నిగారికి ఏదో ఒకటి కూడబెట్టాలని.

పోయిన పదమూడో రోజు దాటాక వాడు వచ్చాడు. ఆపిల్ పళ్ళు తెచ్చాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తరవాత సంచీ తెరిచాడు. ఆ పథకంలో మిగిలిన డబ్బు పిన్నిగారి పేరుకి మారాలంటే సంతకాలు కావాలన్నాడు. నేను నోరు తెరిచేలోగా పిన్నిగారు చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ మొదటి మాట నుంచి మొదలుపెట్టారు. ఆవిడ చదివింది పదో తరగతి. కూడబలుక్కుంటూ, పైకే చదివారు. తెలియని మాట దగ్గర ఆగి, "అంటే ఏంటి నాయనా?" అని వాణ్ణే అడిగారు. చెప్పేదాకా ముందుకి కదల్లేదు. వాడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. "కూర్చో, అన్నం వేళకి అయిపోతుందిలే" అన్నారు.

నాలుగో పేజీలో దొరికింది. ఇదివరకటి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని, ఇకపై ఏమీ అడగనని ఒక వాక్యం.

"ఇది కొట్టెయ్యి, పెడతాను."

"కంపెనీ ఒప్పుకోదండీ పిన్నిగారూ."

"అయితే ఆయన అడిగింది నేనూ అడుగుతాను" అన్నారు. కాగితాలు తిరిగివ్వలేదు. వాడు లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, కాగితాల కోసం గుమ్మంలో ఆగాడు. పిన్నిగారు తలెత్తలేదు. అక్షరాల కింద వేలు పెట్టి ఐదో పేజీ చదువుతున్నారు.