చెంగల్రాయన్న దగ్గర నేను ఉలి పట్టడం నేర్చుకున్నాను

నిన్న పొద్దున తిరుపతి బస్సులో ఉండగా చెంగల్రాయన్న భార్య ధనమ్మ వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న పోయినాడు మా."

"యాడికి?" అని అడిగాను.

అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మీలో చాలామందికి ఆయన తెలియదు. చెంగల్రాయన్నది వడమాలపేట. తలుపులు, దేవుడి మందిరాలు చెక్కేవాడు. ఆదివారాలు ఇంటి ముందు రేకుల షెడ్డులో నాలాంటి వాళ్లకు పని నేర్పేవాడు.

మా ఆయన చనిపోయిన మరుసటి ఏడు, ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆన్‌లైన్‌లో పన్నెండు ఉలుల సెట్ తెప్పించుకున్నాను. ఒక టేకు పలక కూడా కొనుక్కుని అన్న దగ్గరికి వెళ్లాను.

పెట్టె తెరిచి చూసి నవ్వాడు.

"ఇన్నెందుకు మా? ముందు రెండు సాలు. టేకు పక్కన పెట్టు. మెత్త సెక్క ఇస్తా, దాని మీద సెయ్యి తిరగనీ."

ఒకటి చదునైన ఉలి, ఒకటి గుండ్రటి ఉలి. మూడు ఆదివారాలు వాటిని సానరాయి మీద నూరడమే పని. మొద్దు ఉలే చేతిని కోస్తుందనేవాడు.

నాలుగో ఆదివారం తొందరపడ్డాను. చెక్కను టేబుల్‌కు బిగించకుండా ఎడమ చేత్తో పట్టుకుని చెక్కాను. ఉలి జారి అరచేతిలో దిగింది.

అన్నే తన మోపెడ్ మీద పుత్తూరు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నాలుగు కుట్లు పడ్డాయి. అన్న బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"తప్పు నాది మా. బిగించినావా లేదా అని నేను సూసుండాల."

మర్నాడు మా ఇంటికి చెక్కను కదలకుండా పట్టే క్లాంపు ఒకటి తెచ్చి, డైనింగ్ టేబుల్‌కు తానే బిగించాడు.

ఇక నా వల్ల కాదన్నా, ఇంక ఉలి ముట్టను అన్నాను.

తన ఎడమ చేయి చాపాడు. చూపుడువేలికి కొస లేదు. అన్నాళ్లుగా నేను గమనించనే లేదు.

"నాకు పదైదేండ్లప్పుడు పోయింది. రెండు నెలలు ఉలి ముట్టలేదు. మా నాయన పక్కన కూసోబెట్టుకున్నాడు, అంతే. నువ్వూ వచ్చి కూసో."

వెళ్లి కూర్చున్నాను. నాలుగు వారాలు ఏదీ ముట్టుకోలేదు. ఆయన తన పని తాను చేసుకునేవాడు. ఐదో వారం నేనే ఉలి తీసుకున్నాను. మామిడాకు చెక్కితే ఒక పక్కకు ఒరిగిపోయింది.

"గాలికి వంగినట్టుండాది మా. బాగుండాది."

అబద్ధమని తెలుసు. అయినా ఆ రోజు, మా ఆయన పోయాక మొదటిసారి, ఆకలేసి అన్నం తిన్నాను.

నిన్న సాయంత్రం వడమాలపేటలో అంత్యక్రియలు అయిపోయాక వదిన నా పక్కన కూర్చుంది.

"ఆదివారం ముగ్గురు ఆడోళ్లు కొత్తగా వస్తామన్నారు. వాళ్లకి ఏం సెప్పేది మా? నువ్వు నేర్పిస్తావా?"

నాకు పని సగమే వచ్చు వదినా అన్నాను.

"నీకొచ్చిన కాడికి సెప్పు."

సరే అన్నాను.

నిజం చెప్పాలంటే ఓపిక లేదు. ఒకరి తర్వాత ఒకరిని సాగనంపి అలిసిపోయాను. అయినా ఆదివారం వెళ్తాను.

వెళ్లిరా అన్నా. ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.