సర్వరమ్మ చేతి తప్పు

ఆసుపత్రిలో అందరూ ఆమెను సర్వరమ్మ అనేవాళ్లు. టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చినవాళ్ల పక్కన నిలబడి చూసి చూసి పని నేర్చుకున్న మనిషి. పందొమ్మిదేళ్లుగా ఆమె గది ఒకటే. ఒకప్పుడు దుప్పట్లు దాచిన, కిటికీ లేని కొట్టు. సర్వర్లు వేడెక్కకూడదని ఏసీ ఆపరు కాబట్టి మండుటెండల్లోనూ స్వెట్టర్ వేసుకునే కూర్చునేది.

ఆ నెలంతా ఆమెకు ఊపిరి సలపలేదు. రిపోర్టులన్నీ దాచే కొత్త సర్వర్ పెట్టినప్పటి నుంచి రోజూ పొద్దున పదింపావు అయ్యేసరికి అది మొరాయించేది. రక్తపరీక్షల రిపోర్టులిచ్చే కౌంటర్ల ముందు జనం గోల. మెమరీ వాడకం సర్దింది, ఒకేసారి తెరవగల ఫైళ్ల పరిమితి పెంచింది, అక్కర్లేని ప్రోగ్రాములు ఆపింది. ఒకరోజు కాస్త తేలికపడినట్టుండేది, మర్నాడు మళ్లీ మామూలే. బటన్ నొక్కి తిరిగి లేపాక చూస్తే, సరిగ్గా బిగుసుకుపోయే ముందు ఏం జరిగిందో లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టాలో, ఉండేది కాదు. డిస్కే కదలనప్పుడు రాసుకునేదెక్కడ?

ఈలోగా సూపరింటెండెంటుకు తప్పు మోపడానికి ఎవరో ఒకరు కావాలి. "మూడో కౌంటరావిడ కీలు టకటకా బాదేస్తోంది, అందుకే ఇలా" అని తేల్చేసి, ఆవిడను కింద పాత ఫైళ్ల గదికి పంపేశాడు. అది కారణం కాదని సర్వరమ్మకు తెలుసు. అసలు కారణమేమిటో చెప్పలేక నోరు మెదపలేదు.

"ఆ సర్వర్‌ని చూసుకున్నంత శ్రద్ధగా నన్నెప్పుడైనా చూసుకున్నావా?" అన్నాడు భర్త, అన్నం వడ్డిస్తూ.

"మీరు రోజూ పదింపావుకి బిగుసుకుపోరుగా" అంది. నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

చివరికి స్టోర్లో మూలపడ్డ పాత కంప్యూటరొకటి తెచ్చి దుమ్ము దులిపింది. సర్వర్ తన లాగ్‌లో రాసే ప్రతి వరుసా ఆ క్షణమే ఈ రెండో కంప్యూటర్‌కు చేరేలా అమర్చింది. అది పడిపోయినా దాని మాటలు ఇక్కడ మిగులుతాయి.

మర్నాడు పదింపావుకు సర్వర్ ఆగింది. ఆమె బటన్ దగ్గరికి పరుగెత్తలేదు. పాత కంప్యూటర్ ముందు కూర్చుని చివరి వరుసలు చదివింది. పది గంటల నాలుగు నిమిషాలకు పాత రిపోర్టులన్నిటికీ నకలు తీయడం మొదలైంది. ఆ తర్వాత మెమరీ చాలడం లేదని వరుసగా మొరలు. అంతే.

అది తెల్లవారుజామున నాలుగూ పదికి నడవాల్సిన పని. ఏ పని ఎప్పుడు నడవాలో సర్వర్‌కు చెప్పే వరుసలో ముందు నిమిషాలు, తర్వాత గంట రాయాలి. కొత్త సర్వర్ పెట్టిన రోజు ఆ రెండంకెలూ తారుమారు చేసింది తనే. నెలరోజులుగా ప్రతిదాన్నీ అనుమానించింది, తన చేతిని తప్ప.

గదిలో ఎవరూ లేరు. అంకెలు మార్చేసి, అన్నీ సర్దితే బాగైందంటే ఎవరూ అడగరు. భుజం కూడా తడతారు. కానీ ఇన్నాళ్ల అలసట మీద అబద్ధం కూడా మోసుకు తిరిగే ఓపిక లేదనిపించింది.

అంకెలు మార్చి, సర్వర్‌ను లేపి, సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదండీ. మూడో కౌంటరావిడను పైకి పిలిపించండి."

"బాగైంది కదా, ఇంకెందుకమ్మా కెలకడం?"

"కాగితం రాసి తెచ్చానండీ. సంతకం పెట్టండి."

విసుక్కుంటూనే పెట్టాడు.

కింద ఫైళ్ల గదిలో ఆవిడ అంతా విని, "నిజంగా నా వల్ల కాదా?" అంది.

"కాదమ్మా. నా వల్లే."

"రెండు వారాలుగా ఇంట్లో బల్లమీద మెల్లగా వేళ్లు ఆడించడం నేర్చుకుంటున్నానండీ. పిచ్చెక్కిందన్నాడు మా ఆయన."

"తిట్టండి" అంది సర్వరమ్మ.

"తిడతాను. ముందు నా సామానున్న ఈ పెట్టె అటువైపు పట్టుకోండి."

రెండంతస్తులు. మొదటి మలుపు దాటాక ఆవిడ నిజంగానే తిట్టింది, గొంతు పెంచకుండా, ఒక్కటీ వదలకుండా. సర్వరమ్మ పెట్టె దించకుండా వింటూ మెట్లెక్కింది.