మావయ్య ఆగే చోటు

మొన్న ఆదివారం ఏలూరులో మా మావయ్యకు సన్మానం చేశారు. ఏకపాత్రాభినయంలో అరవై ఏళ్ల సేవట. నేను వట్లూరు నుంచి ఆటో మాట్లాడుకుని మరీ వెళ్లాను గానీ, అందరూ చప్పట్లు కొడుతుంటే చేతిసంచి గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను. పక్కనున్నావిడ "మీకేమవుతారండీ ఆయన?" అని ఆప్యాయంగా అడిగింది. "మా మేనత్త మొగుడండీ" అన్నాను. ఆ మాట అన్న తీరుకి ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఇంటర్ రెండేళ్లూ నేను తాడేపల్లిగూడెంలో వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. మావయ్యది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఆ ఇంట్లో ఉతికిన దుప్పట్లు కూడా ఉల్లిపాయ వాసనే వేసేవి. కొట్టు గుమాస్తాల మీద వదిలేసి, ఆయన పొద్దున్నే అత్తయ్య పట్టుచీరను ఉత్తరీయంలా భుజాన వేసుకుని హాల్లో రాజుగారైపోయేవాడు. ఎప్పుడూ రాజే. బంటు వేషం వేయగా నేను చూడలేదు. ఏకపాత్రలో ఎదుట ఎవరూ ఉండరు, ఉన్నట్టు నటించాలి. "ఏమిరా మంత్రీ, నాకే ఎదురు చెబుతావా?" అని ఉరిమి, ఆ మంత్రి జవాబు చెప్పేటంతసేపూ తల పక్కకి వంచి ఆగేవాడు. ఆయన గొప్పతనమంతా ఆ ఆగడంలోనే ఉందని పెద్దలు మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. లేని మంత్రి మాట వినడానికి అంత ఓపికున్న మనిషి, ఉన్న పెళ్లాం నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపేసేవాడు. కంచం ముందు కూర్చున్నా, పడక్కుర్చీలో పడుకున్నా మాట ఆయనదే.

అత్తయ్య ఒక ఉపాయం కనిపెట్టింది. వంటింటి గుమ్మంలో కాచుకుని నిలబడి, ఆయన మంత్రి కోసం ఆగినప్పుడు గబుక్కున తన మాట అనేసేది. "గ్యాసైపోయిందండీ." రాజుగారు తల పంకించేవారు. మళ్లీ ఉరుము, మళ్లీ ఆగడం. "పిల్లకి కాలేజీ ఫీజు కట్టాలండీ." మళ్లీ తల పంకింపు. ఆయన నటన చెడేది కాదు, ఇల్లూ నడిచేది. అది చూసి నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

ఒకరోజు పొద్దున్న పదింటికి భీమడోలు నుంచి మా నాన్న ఫోన్ చేశాడు. నాయనమ్మకి ఊపిరాడటం లేదు, చెల్లాయిని వెంటనే బయలుదేరమని చెప్పు అన్నాడు. పదకొండుకి ప్యాసింజరు. అత్తయ్య చీర మార్చుకుని, సంచి సర్దుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన్ని అడక్కుండా గడప దాటడం ఆ ఇంట్లో లేదు. మావయ్య ఆ రోజు పోటీల కోసం కొత్తది తయారు చేస్తున్నాడు. అందులో రాజ్యం పోయిన రాజు ఒంటరిగా అడవిలో ఏడుస్తాడు. మంత్రీ లేడు, ఎవరూ లేరు. కాబట్టి ఆగడమూ లేదు. అత్తయ్య గడియారం వైపు చూస్తూ, పెదవులు కదుపుతూ అలాగే నిలబడింది. చివరికి ఉండబట్టలేక "ఏవండీ, మా అమ్మకి..." అంది. ఆయన చెయ్యెత్తాడు. పోయిన రాజ్యం కోసం ఆయన కళ్లలో నిజం నీళ్లే తిరుగుతున్నాయి.

నేనైనా అరవొచ్చు. పదహారేళ్లదాన్ని, నోరు లేనిదాన్నేం కాదు. కానీ నేనూ ఆయన ఎప్పుడాగుతాడా అనే చూశాను.

ప్యాసింజరు వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని మేం భీమడోలు చేరేసరికి నాయనమ్మను మంచం దించేశారు. "అరగంటైందమ్మా. పిల్లొచ్చిందా, పిల్లొచ్చిందా అని అడుగుతూనే ఉంది" అన్నాడు నాన్న. "రైలు తప్పిపోయింది అన్నయ్యా" అంది అత్తయ్య. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, తర్వాతా. పన్నెండో రోజు భోజనాల దగ్గర మావయ్య లేచి నిలబడి మా నాయనమ్మ మంచితనం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. పులుసు చల్లారిపోయింది.

అత్తయ్య పోయి రెండేళ్లయింది. మొన్న సన్మానంలో శాలువా కప్పాక అందరూ అడిగారని మావయ్య ఆ శాలువాతోనే పాత రాజు వేషం మొదలుపెట్టాడు. ఒళ్లు వణుకుతోంది గానీ, "ఏమిరా మంత్రీ, నాకే ఎదురు చెబుతావా?" అన్న మాట మాత్రం మైకు అదిరేలా వచ్చింది. తల వంచి ఆగాడు. ఎడమ పక్కకి చూశాడు. గూడెం ఇంట్లో వంటింటి గుమ్మం అటువైపే ఉండేది. ఆగాడు, ఇంకా ఆగాడు. తర్వాతి మాట రాలేదు. అదీ నటనే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా ఆగారండీ!" అని పక్కనావిడ కళ్లు తుడుచుకుంది.

నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూశాను కూడా. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు, నిజమే. మనిషి ఆగగలడు. కాకపోతే రైలు వెళ్లకముందే ఆగాలి.