మావారి కంటి అద్దాలు, పొన్నగంటి కూర

మా మనవరాలు మొన్న ఫోనులో ఆకుపచ్చ రంగు కాంటాక్ట్ లెన్సులు తెప్పించుకుని, డాక్టరు మొహం చూడకుండానే పెట్టుకుని, వాటితోనే మధ్యాహ్నం కునుకు కూడా తీసి లేచింది. కళ్ళు మండుతున్నాయని గోల. రంగు కోసమైనా సరే, కంటి కొలత తీయించుకోకుండా పెట్టుకోకూడదే తల్లీ అని చెప్పబోతే, నీకేం తెలుసు అమ్మమ్మా అన్నట్టు చూసింది. నాకు తెలియకపోవడమేమిటి, ఆ అద్దాలతో నేను పడ్డ పాట్లు నా ఈడువాళ్ళకైనా చెప్పుకోకపోతే ప్రాణం ఊరుకోదు.

డెబ్బైల్లో మాట. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మావారికి క్వార్టరు వంతు ఇంకా రాలేదు కనక, పటాన్‌చెరులో ఒక రైతుల ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం పెట్టాం. ఇంటివారమ్మ, ఆవిడ భర్త పెద్దాయన మమ్మల్ని సొంతవాళ్ళలా చూసుకునేవారు. మావారికి చిన్నప్పటి నుంచీ దూరపు చూపు ఆనదు. ఆ మందపాటి కళ్ళజోడు చూసి ఫ్యాక్టరీలో తోటివాళ్ళు సోడాబుడ్డి అని పిలిస్తే అక్కడ నవ్వేసేవారు గానీ, ఇంటికొచ్చాక ముభావంగా అన్నం తిని లేచేవారు.

చివరికి ఎవరో చెబితే హైదరాబాదులో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అప్పటి లెన్సు ఇప్పటిలా మెత్తనిది కాదు, గోరంత గట్టి ప్లాస్టిక్ బిళ్ళ. డాక్టరు నల్లగుడ్డు వంపు కొలిచి, కన్నీరు సరిగా ఊరుతోందో లేదో చూసి, ఒక బిళ్ళ పెట్టి, అది తీసి ఇంకోటి పెట్టి, మావారిని ధారాపాతంగా ఏడిపించి, సరిపోయేది తేల్చాడు. చేతులు కడగకుండా ముట్టుకోవద్దనీ, నోట్లో తడిపి పెట్టుకోవద్దనీ, దుమ్ములో వాడవద్దనీ, వాటితో నిద్రపోవద్దనీ, కన్ను ఎర్రబడితే వెంటనే తీసేసి తన దగ్గరికి రమ్మనీ మరీ మరీ చెప్పాడు. ఈయన బుద్ధిమంతుడిలా తలూపారు. ఆ తలూపడం నేనెరుగుదును, వంకాయలు తెమ్మన్నా అలాగే ఊపి బెండకాయలు తెచ్చేవారు.

కళ్ళజోడు లేకుండా గడపలో అడుగుపెట్టిన మనిషిని చూసి ఇంటివారమ్మ ముక్కున వేలేసుకుంది. మగవాడు సోకు కోసం కంట్లో బిళ్ళలు పెట్టుకున్నాడంటే నవ్వుతారని ఈ మహానుభావుడికి నామోషీ. పొన్నగంటి కూర తింటే చూపు వచ్చిందని నోటికొచ్చిన అబద్ధం ఆడేశారు. మర్నాటి నుంచి ఆవిడ పొలం గట్ల మీద కోసిన పొన్నగంటి కట్టలు తెచ్చి మా గుమ్మంలో పెట్టడం మొదలుపెట్టింది. పప్పులో వేసి, వేపుడు చేసి, పులుసు పెట్టి నా చేతులు పడిపోయాయి. నిజం చెప్పేయండి బాబూ అంటే, రేపు చెబుతాననేవారు.

ఆ వేళాకోళం అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దాయనకు కళ్ళల్లో పొర కమ్మితే, సంగారెడ్డి డాక్టరు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమన్నాడు. కత్తి అంటే హడలిపోయే ఆయనను ఇంటిల్లిపాదీ బతిమాలి అప్పుడే ఒప్పించారు. తీరా, సారుకు ఆకుకూరతోనే చూపు వచ్చినప్పుడు నాకెందుకీ కోతలని ఆయన మానుకున్నారు. ఆ మాట విన్న రోజు నేను మావారితో పెద్ద పోట్లాటే వేసుకున్నాను. మావారు నిజం చెబుతాననే అన్నారు గానీ, ఇవాళ, రేపు అంటూ నెలలు గడిపారు.

ఫ్యాక్టరీ దుమ్ములోనూ, అదనంగా పడిన షిఫ్టులోనూ లెన్సులు తీయని మనిషి, ఒక ఆదివారం వాటితోనే పడుకుని లేచేసరికి కన్ను చింతనిప్పులా ఉంది. ఇంటివారమ్మ ఆముదం, దూది పట్టుకుని పరుగున వచ్చి, చుక్కలు వేస్తానని ఆయన తల పట్టుకుంది. అప్పటికీ ఈయన కన్ను గట్టిగా మూసుకున్నారే గానీ నిజం చెప్పలేదు. నాకు ఓపిక నశించింది.

“ఆగండక్కా, ఆయన కంట్లో అద్దం ఉంది” అన్నాను.

ఆయన లేచి చేతులు కడుక్కుని బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఆవిడ ఆముదం పక్కన పెట్టి దానికేసి చూసింది. గొంతు పెంచలేదు.

“నీ కన్ను నీ ఇష్టం సారూ. మా ఆయన కన్ను నీకేం జేసింది?”

మావారు అప్పటికప్పుడే పెద్దాయనను వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కారు. పెద్దాయనకు ఒక కంట్లో పొర ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, చూపు పోయిందన్నారు. రెండోది ఆపరేషన్‌తో దక్కింది. మావారి కన్ను మందులతో నయమైంది. ఆయన మళ్ళీ కళ్ళజోడే పెట్టుకున్నారు, సోడాబుడ్డి అంటే పలికేవారు. ఇంటివాళ్ళు మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. అన్నా బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇప్పుడు నేనుండే కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంటులో కళ్ళజోడు ఎవరికీ నామోషీ కాదు, లెన్సులూ ఎవరూ దాచుకోరు. ఎదురింటివాళ్ళకు నేను ఉన్న మాటే చెప్పినా, ఫోనులో సరిచూసుకున్నాకే నమ్ముతారు. అదే మంచిదేమో. కానీ కిరాయికున్నవాడు చెప్పాడు కదా అని తన కన్నునే అప్పగించిన ఆ పెద్దాయనలాంటి మనిషి నాకు ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు, మేమే అలాంటివాళ్ళను లేకుండా చేశామేమోనని ఈ వయసులోనూ నాకు మావారి మీద కోపం వస్తుంది.